గర్భకోశముతో ఇక పని యేమి?



కొన్నియేండ్ల క్రిందట నేనొక గ్రామమునకు పోయి రచ్చబండ యొద్ద కూర్చుండియుండగా, వృద్ధుడైన యొక గృహస్థు నన్నొక ప్రశ్న యడిగెను. ఆయన కోడలికి అప్పటికి ముప్పదిరెండేండ్ల వయస్సు. పదునేడవ యేట వివాహమైనది. ఇరువదిరెండేండ్లు నిండునప్పటికి ఇరువురు బిడ్డలు కలిగిరి. వెంటనే సంతాననిరోధ శస్త్రచికిత్సయు జరిగినది. ఆ మీదట కొంతకాలమునకు నెలనెల రక్తస్రావ మధికమై, ఆమె నీరసించి, నాట్లకు పోలేక యింట బడియుండెను. పట్టణమున నొక వైద్యశాలకు గొనిపోగా, గర్భసంచి తీసివేసినచో బాధ తీఱునని యచ్చట చెప్పిరట. "డాక్టరుగారూ! బిడ్డలు కలిగిరి. ఇక నా సంచితో పని యేమి? తీయించిన తప్పేమి?" అని యాయన నన్నడిగెను.

ఆ ప్రశ్నలో కోడలియెడ ననాదరణ లేదు. పొలము తాకట్టు పెట్టియైనను ఆమెకు స్వస్థత చేకూర్పవలెనను తహతహ గలదు. నేను "తొందరపడకుడు, మఱల వచ్చి చెప్పెదను" అని లేచి వచ్చితిని. మఱల పోవునప్పటికి నాలుగు నెలలు గడచెను. శస్త్రచికిత్స ముగిసిపోయెను. గర్భకోశముతోపాటు అండాశయములను గూడ తీసివేసిరి. ఆ చిన్నది, ముట్లుడిగిన ముసలమ్మవలె, ఒడలంతయు ఆవిరులెత్తుచున్నవనియు, రాత్రులు నిద్రపట్టదనియు, కీళ్లు లాగుచున్నవనియు చెప్పుకొనెను. నాడు నేను చెప్పక జాగుచేసిన సమాధానమే నేటి యీ ప్రసంగము. ఆమెకు గాకపోయినను, మఱియొక యింటి కోడలికైన నిది యక్కఱకు వచ్చునని చెప్పుచున్నాను.

మీరు వ్యవసాయము తెలిసినవారు. చెఱువున నీరెంత గలదో చూడక యెవడును నారు పోయడు. నీరు నిండుగ నున్న వరి నాటుదురు. కొఱతగ నున్న మెట్టపైరు వేయుదురు. అదియు లేనినాడు పొలము బీడుపెట్టి విత్తనమును కాపాడుకొందురు. స్త్రీ శరీరమును ఇట్టి లెక్కనే యెఱుగును. గర్భము ధరించుట, తొమ్మిదినెలలు మోయుట, పాలిచ్చి పెంచుట, ఇవి శరీరమునకు మిక్కిలి వ్యయముతో గూడిన పనులు. కావున తిండి యెంత, శ్రమ యెంత, ఒడిలో చంటిబిడ్డ కలడా లేడా యని విచారించుకొని గాని శరీరము మఱియొక గర్భమునకు తరుణమని యెంచదు. ఈ విచారణ మనస్సుతో జరుగునది గాదు. హార్మోను లనబడు రసములు రక్తముద్వారా మెదడునకును అండాశయములకును నడుమ వార్తలు మోయుచుండును. లెక్క తనంత తాను జరుగును.

ఈ నేర్పు ఒకనాట వచ్చినది గాదు. వేలకొలది తరములలో, పరిసరములకు తగినట్లు మెలగిన శరీరముల సంతతి నిలిచినది. అట్లు మెలగనివాని సంతతి తఱిగినది. మీరు మంచి కంకులను ఏరి విత్తనమునకు దాచుచుందురు గదా! ఏరువాడు లేకయే ప్రకృతిలో నట్టి వడపోత జరుగుచున్నదని 1859లో చార్లెస్ డార్విన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున వివరించెను. కావున స్త్రీల వ్యాధులను విచారించునపుడు శరీరమును మాత్రమే చూచిన చాలదు. అది యెట్టి పరిసరములలో రూపొందినదో, నేడెట్టి పరిసరములలో నున్నదో, రెండును చూడవలయును.

ఇది కేవలము ఊహ గాదు. లెక్క గట్టి తేల్చిన విషయము. ఒక లెక్క జరిగిన చోటు పశ్చిమాఫ్రికాలోని మాలి దేశము. అచ్చట దోగన్ జాతివారు సజ్జలును ఉల్లిగడ్డలును పండించుకొని జీవింతురు. ముట్టైన స్త్రీ యింట నుండక, వేఱుగ గట్టిన గుడిసెలో రాత్రులు గడపుట వారిలో నాచారము. మన పూర్వాచారము నెఱిగిన మీకు ఇది వింతగ తోపదు. బెవర్లీ స్ట్రాస్‌మన్ అను అమెరికా దేశపు పరిశోధకురాలు 1986 మొదలు 1988 వఱకు సంగుయి అను గ్రామమున, వరుసగ 736 దినములు ఆ గుడిసెల కెవరెవరు వచ్చిరో లెక్క వ్రాసెను. స్త్రీల జ్ఞాపకముపై మాత్రమే యాధారపడక, మూత్రపరీక్షచే ఆ లెక్కను సరిచూచుకొనెను.

తేలిన ఫలమిది. ఆ యూరి స్త్రీకి జీవితకాలమున ఎనిమిది తొమ్మిదిమంది బిడ్డలు పుట్టుదురు. ముట్టులు మాత్రము సుమారు 110. కొలదిమంది బిడ్డలతో చాలించుకొను పాశ్చాత్య దేశపు స్త్రీకి అవి యించుమించు 400. ఒకరిద్దఱు బిడ్డలు గల మన స్త్రీలును నేడు ఈ రెండవ లెక్కకే చేరువగుచున్నారు. ఇంత భేదమున కారణము సులభము. దోగన్ బాలిక పదునాఱేండ్ల ప్రాంతమున పుష్పవతి యగును. తరువాత కొలదియేండ్లలో తల్లి యగును. ప్రతి బిడ్డకును రెండేండ్ల ప్రాంతము పాలిచ్చును. ఆ కాలములో పెక్కునెలలు ముట్టు రాదు. మనుష్యజాతి యావిర్భవించిన నాటినుండి బహుకాలము స్త్రీల జీవితము ఇంచుమించుగ నిట్లే గడచినది.

ఇచ్చట నొక యపోహను తొలగింపవలయును. నెలనెల ముట్టు కాకున్న చెడురక్తము లోపల నిలిచి రోగము పుట్టించునని మనలో ననేకుల నమ్మకము. అది చెడురక్తము గాదు. గర్భముకొఱకు గర్భకోశమున పఱచిన మెత్తని పొర, గర్భము నిలువకున్న, కొంత రక్తముతో గూడ జాఱిపోవుటయే ముట్టు. గర్భకాలమునను, చంటిబిడ్డకు పాలిచ్చు కాలమునను అది నిలుచుట సహజము. గర్భమును చంటిబిడ్డయు లేని పడుచునకు నిలిచినచో మాత్రము వైద్యునికి చూపవలయును.

పాలకును ముట్టునకును గల సంబంధమును మఱియొక దృష్టాంతము తెలుపును. దక్షిణాఫ్రికా ప్రాంతమున కలహారీ యెడారిలో కుంగ్ అను జాతివారు కలరు. వేటాడియు, దుంపలు కాయలు ఏరుకొనియు జీవించుచుండినవారు. వారి స్త్రీలకు మందును లేదు, సాధనమును లేదు. అయినను బిడ్డకును బిడ్డకును నడుమ ఇంచుమించు నాలుగేండ్ల యెడముండెడిది. ఇదేమి చిత్రమని మెల్విన్ కానర్, కరోల్ వర్త్‌మన్ అను పరిశోధకులు పరిశీలించి, తమ సమాధానమును 1980లో ప్రకటించిరి. తల్లి పగలంతయు బిడ్డను ఒంటినంటించుకొనియే తిరుగును. బిడ్డ గంటకు నాలుగు పర్యాయములు, ఒక్కొక్కమాఱు రెండు నిమిషములు, పాలు త్రాగును. పాలు పుష్కలముగ నుండుటకన్నను, మాటిమాటికి చప్పరించుటయే ముఖ్యము. ఆ స్పర్శ తల్లి మెదడునకు వార్తనంపును. ఒడిలో బిడ్డ యున్నాడు, ఇంకొకనికి తరుణము గాదని యండాశయములు ఊరకుండును.

ఇటలీ దేశమున బెల్లాజియో యను పట్టణమున 1988లో గూడిన నిపుణులు ఈ విషయమునకు హద్దు నేర్పఱచిరి. బిడ్డకు ఆఱునెలలు నిండకుండుట, పగలును రాత్రియు తల్లిపాలే యిచ్చుచుండుట, ముట్టు మఱల రాకుండుట, ఈ మూడును గలిసియున్నచో తల్లికి గర్భము రాకుండుటకు నూటికి 98 పాళ్లు భరోసా యుండును. మూటిలో నొకటి తప్పినను ఈ భరోసా లేదు; అపుడు వేఱు సాధనము కావలయును.

తిండి మాటయు శ్రమ మాటయు నిట్టివే. మధ్యాఫ్రికాలో ఇటూరి యరణ్యమున లెసె యను సేద్యగాండ్రు కలరు. క్రొత్తపంట చేతికి రాకమునుపు వారికి కఱవు నెలలు. ఆ నెలలలో స్త్రీల బరువు తగ్గుటయు, అండాశయముల పని మందగించుటయు, తరువాత కాన్పులు తగ్గుటయు పీటర్ ఎల్లిసన్ మొదలగువారు ఉమ్మిలోని హార్మోనులను కొలిచి చూపిరి. పోలెండు దేశపు పల్లెలలో తిండికి లోటులేని స్త్రీలకు సైతము, కోతలకాలమున కాయకష్టము హెచ్చినపుడు అండాశయముల పని తగ్గుట గ్రాజినా యాసెన్‌స్కా కనుగొనెను. నాట్లలో వంగి దినమంతయు నీటిలో నిలుచు మన స్త్రీల శరీరము గూడ తన కష్టమును లెక్కించుకొనుచునే యుండును. మనము లెక్కింపకపోవచ్చును గాని శరీరము మఱవదు.

అట్లైన, మఱల ఎనిమిదిమంది బిడ్డలను గనవలెనని నేను చెప్పుచున్నానని యెవరును తలపవలదు. దోగన్ పల్లెలలో పుట్టిన బిడ్డలలో ననేకులు అయిదేండ్లు నిండకయే గతించిరి. ఆ దుఃఖము మనకు వలదు. కొలదిమంది బిడ్డలు, బ్రదికి బట్టకట్టు బిడ్డలు, ఇది మనము సాధించిన మేలు. కాని ప్రతి మేలుతోను ఒక క్రొత్త లెక్క వచ్చును. మంచితిండి లభించుటచే బాలికలు ముందుగ పుష్పవతు లగుచున్నారు, కాన్పులు తగ్గినవి, పాలిచ్చుకాలము పెక్కిండ్ల తగ్గినది. శరీరము మాత్రము పాతదే. మెట్టపైరు విత్తనమును ఎల్లపుడు నీరు నిలుచు మడిలో జల్లిన నెట్లుండునో అట్లున్నది. విత్తనమున దోషము లేదు, మడియందును దోషము లేదు. రెంటికి పొత్తు కుదురలేదు.

ఆ పొత్తు కుదురకపోవుటవలన కలుగు ఫలములలో రెంటిని మాత్రము చెప్పెదను. మొదటిది రొమ్మునందు వచ్చు కాన్సరు, అనగా రాచపుండు. పదునెనిమిదవ శతాబ్ది యారంభమున ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని, సన్యాసినుల మఠములలో నీ వ్యాధి యధికమని గుర్తించెను. కారణము నేడు కొంత తెలిసినది. కాన్పును పాలిచ్చుటయు లేని రొమ్ము, నెలనెల హార్మోనుల యాటుపోటులకు ఎక్కువ మాఱులు లోనగును. ముప్పది దేశములలో జరిగిన 47 పరిశోధనలను గూర్చి 2002లో ప్రకటించిన లెక్క ప్రకారము, ప్రతి కాన్పువలనను ఈ వ్యాధి భయము నూటికి 7 వంతులును, పాలిచ్చిన ప్రతి సంవత్సరమునకు మఱి 4 వంతులకు పైగాను తగ్గును. ఇద్దఱే బిడ్డలున్నను, ఇద్దఱికిని రెండేసి యేండ్లు పాలిచ్చిన తల్లి తన మేలును గూడ చూచుకొన్నదగును.

రెండవది రక్తహీనత. 110 మాఱులు పోవలసిన రక్తము 400 మాఱులు పోవుచున్నపుడు, పోయిన యినుమును తిండి పూడ్పవలయును. మన తిండి పూడ్చుచున్నదా? 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ఆంధ్రప్రదేశమున ఇంచుమించు 59 మందికిని, తెలంగాణమున ఇంచుమించు 58 మందికిని రక్తహీనత గలదని తేలినది. పాలిష్ బియ్యపు టన్నము, పలుచని చారు, ఇంటిల్లిపాది తిన్న తరువాత కోడలికి మిగిలిన మెతుకులు, భోజనముతోడనే టీ, వీనివలన ఇనుము చాలదు. చెప్పులు లేక తడినేలలో దిరుగువారి పాదములగుండ కొంకిపురుగులు చొచ్చి, ప్రేవులలో చేరి రక్తము పీల్చును. చూచితిరా! కోడలి నీరసమునకు మూలము గర్భకోశములో మాత్రమే లేదు. వంటయింట కొంత, పొలముగట్టున కొంత, మన యాచారములలో కొంత గలదు.

ఇపుడు మన వృద్ధ గృహస్థుని ప్రశ్నకు వత్తము. 2015–16 సంవత్సరముల జాతీయ పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భకోశము తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశమున ఇంచుమించు తొమ్మండ్రు. తెలంగాణమున ఇంచుమించు ఎనమండ్రు. దేశమున మఱి యే రాష్ట్రమునను ఇంత లేదు. వారిలో సగమునకు పైగా చెప్పిన కారణము అధిక రక్తస్రావము, లేక నొప్పి. అనగా మన తెలుగు పల్లెలలో, శరీరము పరిసరములను గూర్చి మొఱపెట్టుకొనినపుడు, మనము పరిసరములను సరిచేయక, మొఱపెట్టిన యవయవమునే కోసివేయుచున్నాము.

"దానితో పని యేమి?" యన్న ప్రశ్నకు సమాధానమిది. అండాశయముల రసములు బిడ్డను గనుటకు మాత్రమే గాక, ఎముకలకు గట్టితనమును, రక్తనాళములకు ఆరోగ్యమును ఇచ్చును. సహజముగ ముట్లుడుగుటకు చాలముందే వానిని తీసివేసినచో, ఎముకలు త్వరగా గుల్లబాఱును. గుండెజబ్బు భయము హెచ్చును. అండాశయములను ఉంచి గర్భకోశమును మాత్రమే తీసినను, ముట్లుడుగు కాలము కొంత ముందుగ వచ్చుట కలదు. బిడ్డలు పుట్టుట ముగిసినంతమాత్రమున శరీరమున నేదియు పనిలేనిది కాదు.

ఈ శస్త్రచికిత్స యెన్నడును కూడదని నా మాట గాదు. గర్భకోశమున కాన్సరు కలిగినపుడు, కాన్పువేళ రక్తస్రావ మెంతకు నిలువనపుడు, పెద్ద కంతులు మందులకు లొంగక బాధించునపుడు అది ప్రాణము నిలుపును. ముట్లుడిగిన యేడాది తరువాత మఱల రక్తము కనబడినచో, ఒక్కదినమైన జాగుచేయక వైద్యునికి చూపవలయును. కాని ముప్పదియేండ్ల పడుచునకు, తెల్లబట్ట యనియో, నడుమునొప్పి యనియో, ముట్టు ఎక్కువ యనియో చెప్పి, సరియైన పరీక్ష లేకయే చేయుట వేఱు. అనవసరముగ నిట్టి శస్త్రచికిత్సలు జరుగకుండ కట్టడి చేయవలెనని 2023 ఏప్రిలులో దేశపు సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల నాజ్ఞాపించినది.

పెద్దలారా! ఇంట ఎవరి కేమి చికిత్స జరుగవలెనో, డబ్బెచ్చటనుండి రావలెనో నిర్ణయించునది తఱచుగ మీరే. కావున మీతో మనవి చేయుచున్నాను. ఇంటి ఆడుబిడ్డకు రక్తస్రావ మధికమని తెలిసినపుడు, మొదట రక్తమును, థైరాయిడు గ్రంథిని పరీక్ష చేయించుడు. ఇనుపమాత్రలు, పురుగులమందు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ దొరకును. తోటకూర, రాగులు, పప్పు, గ్రుడ్డు, మాంసము, మీకు ఆచారమైనవి యేవైన, ఆమె కంచములో ముందు పడునట్లు చూడుడు. భోజనముతో టీ మాని, జామపండో నిమ్మరసమో ఇచ్చిన ఇనుము వంటబట్టును. రక్తస్రావమును తగ్గించు మాత్రలు గలవు. గర్భకోశమున నమర్చు హార్మోను సాధనమును గలదు. ఇవి యెల్ల వైద్యునితో విచారించిన పిమ్మటగాని శస్త్రచికిత్సకు సమ్మతింపకుడు. ఒక వైద్యుడు కత్తి యనిన, రెండవ వైద్యుని నడుగుడు. అండాశయములు ఉంతురా తీయుదురా యని తప్పక యడుగుడు. అన్నిటికన్న ముందు ఆమెను అడుగుడు, శరీర మామెది.

వివాహము విషయము గూడ మఱవరాదు. బాలిక పుష్పవతి యైనంతమాత్రమున తల్లి యగుటకు సిద్ధమైనదని తలచుట పొరపాటు. మానవుడు రెండుకాళ్లమీద నడచుటచే కటివలయము ఇఱుకైనది. మెదడు పెరుగుటచే బిడ్డ తల పెద్దదైనది. అందువలననే మన స్త్రీలకు కాన్పు ఇంత కష్టము. ఆ కటివలయము బాలిక పొడవు పెరుగుట నిలిచిన పిమ్మటను కొంతకాలము పెరుగుచుండును. కంకి కనబడగనే కోత కోయువాడు రైతు గాడు. గింజ పాలుపోసి గట్టిపడు వఱకు ఆగును. పదునెనిమిదేండ్లు చట్టము విధించిన కనీసము మాత్రమే. ఇంకను ఆగిన మేలే కలుగును. 2019–21 నాటి పరిశీలనలో సైతము, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల పడుచులలో నూటికి ఆంధ్రప్రదేశమున 29 మందికిని, తెలంగాణమున 23 మందికి పైగాను పదునెనిమిది నిండకయే పెండ్లి జరిగియున్నది. ముప్పదియేండ్లకే "ఇక పని యేమి?" యను ప్రశ్న పుట్టుటకు మూలము, పదునేడేండ్లకు పెండ్లి చేయుటలోనే కలదు.

చివర నొక్క మాట. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా దేశమున హడ్జా యను జాతివారు కలరు. కోడలో కూతురో క్రొత్తగా ప్రసవించి, దుంపలు త్రవ్వుటకు తీఱిక లేనపుడు, పాలు మఱచిన పెద్దబిడ్డల కడుపు నింపునది ఎవరని క్రిస్టెన్ హాక్స్ మొదలగు పరిశోధకులు విచారించిరి. ముట్లుడిగిన అవ్వ గట్టినేల త్రవ్వి దుంపలు తెచ్చును. ఆ యవ్వ ఎంత కష్టపడిన, ఆ బిడ్డల బరువు అంత పెరిగినదని వారు 1997లో లెక్క చూపిరి. కాన్పులు ఉడిగిన తరువాతను స్త్రీ చిరకాలము జీవించుట యెందుకనిన, ఆమె పనికి వచ్చుటచేతనే కావచ్చునని వారి యభిప్రాయము.

మీ యింటిలోను అట్టి అవ్వ కలదు. మీలో పలువురు ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవారే. నేటి ముప్పదియేండ్ల కోడలు రేపటి ఆ యవ్వ. గట్టి యెముకలతో, నిండు రక్తముతో ఆమె ఆ వయస్సు చేరవలయును గదా! ఇక నెవరైన మీ రచ్చబండయొద్ద "దానితో పని యేమి?" యని యడిగినపుడు, నావలె "మఱల వచ్చి చెప్పెదను" అని లేచిపోక, అప్పుడే సమాధానము చెప్పుడు.